పెద్ద సారు దిద్దుకున్న పాఠం

మొన్నామధ్య మా చెల్లెలి కూతురు ఇంటికి వచ్చి, అన్నం తింటూనే ఫోన్‌లో ఏదో పరీక్ష రాస్తూ కూర్చుంది. ఖమ్మంలోనే ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా చేస్తోంది లెండి. అధ్యాపకుల వృత్తి ధర్మాల మీద ఆన్‌లైన్ శిక్షణ అట, చివర్లో ప్రశ్నలకు జవాబులు నొక్కితే సర్టిఫికెట్ వస్తుందట. తరగతిలో తప్పు చెప్పానని తర్వాత తెలిస్తే అధ్యాపకుడు ఏం చేయాలి అన్నది అందులో ఒక ప్రశ్న. అది కుడిచేత్తో పప్పన్నం కలుపుకుంటూ, ఎడమచేతి బొటనవేలితో టక్కున ఒక జవాబు నొక్కి ముందుకు వెళ్ళిపోయింది. సరైన జవాబే నొక్కింది. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. ఎందుకంటే ఆ ప్రశ్నకు జవాబు రాయడానికి ఒక మనిషి బస్సెక్కి అడవి అంచు దాకా వెళ్ళడం నేను పక్కనే ఉండి చూశాను.

అప్పటికి నేను వృక్షశాస్త్రం లెక్చరర్‌గా కొత్తగా చేరాను. యూనివర్సిటీ కింద నడిచే కాలేజీ, డిపార్ట్‌మెంట్ అంటే ఇద్దరమే, నేనూ మా హెడ్డూ. ఆయన్ని అందరూ పెద్ద సారు అనేవాళ్ళు. మధిర వైపు మనిషి, తెల్ల చొక్కా, చంకలో ఎప్పుడూ ఒక గొడుగు, వర్షాకాలమని లేదు, ఎండాకాలమని లేదు. గట్టిగా కోప్పడడం నేనెన్నడూ వినలేదు గానీ ఆయన క్లాసులో చీమ చిటుక్కుమనేది కాదు. పాఠం అంత గొప్పగా ఉండేది మరి. చేరిన కొత్తలో నేనూ వెనక బెంచీలో కూర్చుని వినేదాన్ని, తర్వాత నా క్లాసులో ఆయన చేతులు తిప్పినట్టే తిప్పి పిల్లలకు నవ్వు తెప్పించేదాన్ని.

ఫైనలియర్ పిల్లలకు పరీక్షల ముందు సెలవులిచ్చేశాం, అందరూ ఊళ్ళకు వెళ్ళిపోయారు. ఒక మధ్యాహ్నం పెద్ద సారు స్టాఫ్ రూంలో ఏదో పుస్తకం తిరగేస్తూ ఉన్నట్టుండి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. మొక్కలో నీళ్ళు మోసే దారువు కాండంలో లోపలి నుంచి బయటికి ఏర్పడుతూ వస్తుంది, వేరులో బయటి నుంచి లోపలికి. ఆ రెండింటినీ ఆయన క్లాసులో తారుమారు చేసి చెప్పారు, ఒక్కసారి కాదు, బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పారు. ఆ పాఠం చెప్పిన నెలలో వాళ్ళ అమ్మగారు దవాఖానాలో ఉన్నారనీ, రాత్రుళ్ళు అక్కడే ఉండి పొద్దున్నే కాలేజీకి వచ్చేవారనీ చాలా రోజుల తర్వాత ఆయన భార్య చెబితే తెలిసింది. ఆయన నోట మాత్రం ఆ మాట ఎన్నడూ రాలేదు.

పిల్లలు పుస్తకం చూసి సరిచేసుకుంటారులెండి అన్నాను నేను, ఆయన్ని ఊరడించాలని. ఆయన తల అడ్డంగా ఊపారు. "పుస్తకం కొన్నవాళ్ళు ఎంతమందమ్మా? కొన్నవాళ్ళు కూడా పుస్తకం తప్పనుకుంటారు గానీ నేను తప్పనుకోరు" అన్నారు. అందులో గర్వం లేదు, భయం ఉంది.

టౌనులో ఉన్నవాళ్ళను కాలేజీకి పిలిపించి చెప్పేశారు. మిగిలినవాళ్ళు తల్లాడ, ఏన్కూరు దిక్కు ఊళ్ళవాళ్ళు. ఫోన్లు ఎక్కడివి ఆ రోజుల్లో? కార్డు ముక్క రాస్తే బొమ్మ అర్థం కాదు. అందుకని తానే బయలుదేరారు, నన్నూ రమ్మన్నారు. అందులో ఒక ఆడపిల్ల ఉంది, ఆ అమ్మాయి ఇంటికి తానొక్కడే వెళ్తే బాగుండదని ఆయన ఆలోచన. నిజం చెప్పొద్దూ, నాకు లోపల విసుగ్గానే ఉంది. అయినా టిఫిన్ డబ్బాలో పులిహోర పెట్టుకుని బస్సెక్కాను.

తల్లాడలో ఒక అబ్బాయి వాళ్ళ అన్న కిరాణా కొట్టులోనే దొరికాడు, పొట్లాలు కట్టే కాగితం మీద బొమ్మ వేసి చెప్పేశారు. ఏన్కూరు దగ్గర ఇంకో అబ్బాయి మిర్చి కల్లంలో ఉన్నాడు. ఎర్రగా పరిచిన మిరపకాయల నడుమ, ఆ ఘాటుకు ముగ్గురం దగ్గుతూ, పెద్ద సారు గొడుగు మొనతో నేల మీద గుండ్రంగా గీత గీస్తుంటే వాళ్ళ నాన్న పరుగున వచ్చాడు. కొడుకేదో చేశాడని ఆయన కంగారు.

"మావోడు ఏమన్న గడబిడ చేసిండా సార్?"

"మీవాడు కాదయ్యా, నేనే ఒక పాఠం తప్పు చెప్పాను. అది దిద్దుదామని వచ్చాను."

ఆ పెద్దమనిషి కాసేపు మా ముఖాలు మార్చి మార్చి చూశాడు. "గింత దానికే ఖమ్మం నుంచి వచ్చిర్రా?" అని పకపకా నవ్వి, మమ్మల్ని కదలనివ్వకుండా మజ్జిగ తాగించి, తన సైకిలూ ఆ అబ్బాయీ తోడుగా మమ్మల్ని ఆ అమ్మాయి ఊరి దారి పట్టించాడు. సైకిలు మా సంచులు మోసింది, మేం నడిచాం.

ఆ ఊరు అడవిని ఆనుకుని ఉండే చిన్న గూడెం. వాకిట్లో చాపల మీద ఇప్ప పువ్వు ఎండబోసి ఉంది, ఆ తియ్యని మత్తు వాసనకు నాకు తల తిరిగినట్టయింది. అమ్మాయి మమ్మల్ని చూసి బిత్తరపోయి లోపలికెళ్ళి మంచం తెచ్చి వేసింది. తల్లికి తెలుగు అంతంత మాత్రం, ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది కోయ భాష. పెద్ద సారు ముందు తల్లికి నమస్కారం పెట్టి, వచ్చిన పని చెప్పి, తర్వాత అమ్మాయికి బొమ్మ గీసి చూపించారు. ఆ అమ్మాయి తల వంచుకుని వింది, అంతా అయ్యాక మెల్లగా, మేము వినాలో వద్దో అన్నంత మెల్లగా ఒక మాట అంది.

"నాకు ప్రాక్టికల్స్‌ల గట్లనే కనబడ్డది సార్."

మొదట మాకర్థం కాలేదు. సన్నగా కోసిన కాండం ముక్కకు రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెట్టినప్పుడు, సారు చెప్పినదానికి ఉల్టాగా కనబడిందట. మళ్ళీ ఇంకో ముక్క కోసి చూసిందట, అదీ అట్లాగే ఉందట. మరి ఎందుకు చెప్పలేదమ్మా అని ఆయన అడిగితే ఆ పిల్ల ఇంకా తల వంచుకుంది.

"మీరు చెప్పింది తప్పెట్ల అయితది సార్? నా కండ్లే తప్పనుకున్న. రికార్డుల మీరు చెప్పినట్టే గీసిన."

ఆ రికార్డు మీద సంతకం ఆయనదే. తల్లి ఏమైందని అడిగినట్టుంది, కూతురు వాళ్ళ భాషలో చెప్పింది, తల్లి వెంటనే గట్టిగా ఏదో మందలించింది. ఏమంటోందమ్మా అని నేను అడిగితే అమ్మాయి సిగ్గుపడుతూ, "చూసిన్నాడే చెప్పకపోతివి, సారును గీ ఎండల గింత దూరం నడిపిస్తివి అని తిడుతున్నది మేడం" అంది. నాకు నవ్వొచ్చింది. పెద్ద సారు నవ్వలేదు. తల్లి వైపు తిరిగి, పిల్లను తిట్టకండమ్మా, దాని కళ్ళు మంచివి, తప్పు నాదే, రెండు తప్పులూ నావే అన్నారు.

 తిరుగు బస్సులో వైరా దాటాక, "పాఠం తప్పు చెప్పడం ఏముందమ్మా, దిద్దుకోవచ్చు. సైన్సు చదివే పిల్ల తన కళ్ళను తానే నమ్మకుండా చేశాను చూడు" అన్నారు. ఆ గొంతు నాకింకా వినిపిస్తుంది. పొద్దున ఆ పులిహోర కట్టుకుంటూ విసుక్కున్నందుకు నాకు సిగ్గేసింది.

ఆ దారువు ప్రశ్న ఆ ఏడు పరీక్షలో రానే లేదు. ఆ సంగతి తలచుకుని ఇద్దరం తర్వాత ఎన్నిసార్లు నవ్వుకున్నామో. ప్రిన్సిపాల్ గారికి మాత్రం ఇది మింగుడుపడలేదు. లెక్చరర్ ఇల్లిల్లూ తిరిగి తప్పు చెప్పానంటే కాలేజీకి ఏం మర్యాద మిగులుతుందని పిలిచి అడిగారు. పెద్ద సారు వాదించలేదు. వచ్చే ఏడాది నుంచి ప్రాక్టికల్ ముందు, పాఠం తర్వాత పెట్టుకుంటాం, టైంటేబుల్ మార్చండి అని మాత్రం అడిగి, ఒప్పించి వచ్చారు. ముందు పిల్లలు కోసి, చూసి, చూసింది గీయాలి, ఆ తర్వాతే ఆయన నోరు విప్పేవారు. సిలబస్ వెనకబడేది, శనివారాలు సాయంత్రం దాకా ఉండి పూర్తిచేసేవాళ్ళం. నిశ్శబ్దంగా ఉండే ఆ క్లాసు మెల్లమెల్లగా సంతబజారులా తయారైంది. సార్, నాకిట్ల లేదు అని ఒకడు, నాకూ లేదు అని ఇంకొకడు. ఆ గోల మధ్య ఆయన ముఖం ఎంత వెలిగిపోయేదో! ఆ గూడెం అమ్మాయి పీజీ చేసి భద్రాచలం వైపు ఒక గురుకులంలో టీచరైంది. పెద్ద సారు పోయినప్పుడు వచ్చి, చాలాసేపు కూర్చుని వెళ్ళింది.

ఇప్పుడు చూస్తే వృక్షశాస్త్రం సీట్లు నిండడమే కష్టం. ఉన్న పిల్లలు కోచింగులకు పోతారు, హాజరు వేలిముద్రతో పడుతుంది, ఏ పిల్లది ఏ ఊరో పాఠం చెప్పేవాళ్ళకు తెలిసే వీలు లేదు. అందుకు నేటి లెక్చరర్లను తప్పుపట్టే మనసు నాకు లేదు. పొద్దున ఒక కాలేజీ, మధ్యాహ్నం ఇంకో కాలేజీ, జీతం ఎప్పుడొస్తుందో తెలియని బతుకు వాళ్ళది. తప్పయిందని చెప్పుకోవడానికి కూడా రేపు ఈ కుర్చీ ఉంటుందన్న ధైర్యం కావాలి. మా తరానికి ఆ ధైర్యం అడగకుండానే దొరికింది, మేం దాన్ని మా మంచితనమే అనుకున్నాం.

పెద్ద సారు ఈ రోజుల్లో గెస్ట్ లెక్చరర్ అయి ఉంటే ఆ బస్సు ఎక్కేవారా అని ఒక్కోసారి అనుకుంటాను. ఎక్కేవారనే నా నమ్మకం. మరుసటి ఏడు ఆయన్ని మళ్ళీ పనిలోకి పిలిచేవాళ్ళా అన్నదే నేను చెప్పలేను.