సంచుల కాపలా

బీదర్ కోట నౌబాద్‌లోని మా ఇంటికి దగ్గరే, ఆటో ఎక్కితే చాలు. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఎన్నిసార్లు వెళ్లానో. కానీ లోపల ఏముందో మొన్నటిదాకా చూడలేదు. బయటివాళ్లు నమ్మరు, మా ఊరివాళ్లయితే నమ్ముతారు. చుట్టాలు వస్తే కోట చూపించడం ఇక్కడ మర్యాద. అందరూ లోపలికి వెళితే, ఇంటివాళ్లలో ఒకరు వేపచెట్టు కింద సంచులకు, టిఫిన్ డబ్బాలకు కాపలా కూర్చోవాలి. మా ఇంట్లో ఆ ఒకరు నేనే.

మా ఆయన చుట్టాలకు మహళ్లు, మ్యూజియం తిప్పి చూపించేవారు. వెళ్లేముందు నా వైపు తిరిగి, "నీదేముంది, ఎప్పుడన్న చూడొచ్చు. కోట లేచి పోతదా?" అనేవారు. బయటికొచ్చి రొట్టె తింటూ చూసిందంతా చెప్పేవారు. రంగీన్ మహల్లో నల్లరాతిలో ముత్యపు చిప్పలు పొదిగారట, వెలుతురు పడితే తళుక్కుమంటాయట. ప్రతిసారీ అదే కథ. నేను కొత్తగా విన్నట్టు "ఇంకా?" అనేదాన్ని.

కోట లేచి పోలేదు. ఆయనే పోయారు. రెండేళ్లవుతోంది.

ఈ చలికాలంలో ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక, చర్చి వాకిట్లో ఆడవాళ్లను ఆపాను.

"గురువారం అందరం కోటకు పోదాం. రొట్టెలు నేను తెస్త."

"సుట్టాలెవరొచ్చిండ్రు అక్కా?" అంది మా వీధి టీచరమ్మ.

"ఎవరు రాలె. మనమే సూద్దాం."

"సుట్టాలు లేకుండ కోటకేం పని? మనం సూసిందే గదా!"

"ఏం సూసినవే నువ్వు?"

"యాపచెట్టు!"

అందరూ పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. వస్తామని తలలూపారు కూడా.

గురువారం పొద్దున్నే లేచి జొన్నరొట్టెలు కొట్టాను, గుత్తివంకాయ చేశాను. ఒక్క మనిషికి వండీ వండీ చేతికి ఆ లెక్కే అలవాటైంది, ఆ రోజు పెద్ద గిన్నె దించుతుంటేనే హుషారొచ్చింది. కోట దర్వాజా దగ్గర చాలాసేపు చూశాను. ఎవరూ రాలేదు. టీచరమ్మ మాత్రం ఫోన్ చేసింది. "నల్లా వచ్చింది అక్కా, నీళ్లు వట్టుకోవాలె. మల్లొక్కసారి పోదాం తియ్యి."

ఇంటికి తిరిగి పోబుద్ధి కాలేదు. డబ్బా చేత్తో పట్టుకునే లోపలికి నడిచాను. రంగీన్ మహల్ తాళం తీస్తూ కాపలాదారు కన్నడలో "యావూరమ్మా?" అన్నాడు. ఇదే ఊరన్నాను. అతను నన్ను ఎగాదిగా చూశాడు.

చిప్పలు నిజంగానే తళుక్కుమన్నాయి. ఆయన చెప్పిన దానికంటే చిన్నవి. ఆ మాట అందామని పక్కకు తిరిగాను. కాపలాదారు తాళంచెవి తిప్పుకుంటూ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

బయటికొస్తే వేపచెట్టు కింద నా చోట్లో ఒకామె కూర్చుంది. చుట్టూ సంచులు. ఈ పక్కనే చిమ్కోడ్ అనే పల్లె అట. లాతూర్ నుంచి వచ్చిన ఆడబిడ్డ పిల్లలు లోపలికి వెళ్లారట.

"నువ్వు పోలేదా?"

"మాదేముందక్కా, ఎప్పుడన్న సూస్తం."

"నేను కూసుంట. నువ్వు పోయి సూసిరా," అన్నాను.

ఆమె సంచులు దగ్గరికి లాక్కుంది. "ఏమనుకోకక్కా. మీరెవరో, ఏమో..."

కొంగున ముడేసిన మా ఇంటి తాళంచెవి విప్పి ఆమె చేతిలో పెట్టాను. "ఇగో, నువ్వొచ్చేదాంక నీ దగ్గర్నే ఉంచుకో."

"ఇంట్ల ఎవరన్న ఎదురుసూస్తరేమో?"

"ఎవరు లేరు. నిమ్మలంగ సూడు."

ఆమె లేచి రెండడుగులు వేసి, వెనక్కి చూసి, మళ్లీ నడిచింది.

చాలాసేపటికి వచ్చింది. పిల్లలకంటే ముందే, దాదాపు పరుగెత్తుకుంటూ. తాళంచెవి చేతిలోనే ఉంది, ఇవ్వడం మరిచిపోయింది. "అక్కా, నల్లరాయిల సిప్పలు అతికిచ్చిండ్రు! ఎట్ల మెరుస్తున్నయో తెల్సా?"

నేను చూశానని చెప్పలేదు. డబ్బా మూత తీసి, ఆమె ముందుకు ఒక రొట్టె జరిపాను.

"ఇంకా?" అన్నాను.