ఇవ్వని కారు

మొన్న ఉదయం మా నల్లగండ్ల అపార్ట్‌మెంటు సెల్లారులో పెట్రోలు వాసన వచ్చింది. ఇప్పటి కార్ల దగ్గర ఆ వాసన రాదు, అందుకే మెట్ల దగ్గరే ఆగిపోయాను. మూడో అంతస్తు కుర్రాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, వాళ్ళ తాతగారి పాత కారును ముచ్చటపడి బాగుచేయించుకున్నాడు. బానెట్ ఎత్తి ఇంజను ఆడిస్తున్నాడు. "కొంచెం స్మెల్ వస్తుంది ఆంటీ, ఓల్డ్ కార్స్‌లో కామన్" అన్నాడు నవ్వుతూ. "ముందు ఆపు నాయనా" అన్నాను. గొంతు కాస్త గట్టిగానే లేచినట్టుంది, వెంటనే ఆపేశాడు. డెబ్భై అయిదు దాటిన రిటైర్డు నర్సుకు కార్ల గోల ఎందుకని అనుకుని ఉంటాడు. అనుకోనివ్వండి. పైకి వచ్చి కాఫీ పెట్టుకున్నాను గానీ తాగలేకపోయాను. కార్లు బాగుచేసే బాలకిషన్ మేస్త్రి గారు పోయి చాలా ఏళ్ళయింది. ఆయన్ని ఎరిగినవాళ్ళు ఈ చుట్టుపక్కల ఇప్పుడు ఎవరూ మిగల్లేదు. నేనైనా ఆయన గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

డెబ్భైల మొదట్లో నేను తెనాలి వైపు నుంచి మదీనాగూడ వచ్చాను. అదే నా మొదటి ఉద్యోగం. బొంబాయి రోడ్డు పక్కన డాక్టర్ సుభద్ర గారు నడిపే చిన్న ఆస్పత్రి. ఊళ్ళోవాళ్ళు దాన్ని దవాఖాన అనేవారు, నన్ను నర్సమ్మ అనేవారు. ఇప్పుడు అద్దాల మేడలు లేచిన వైపంతా అప్పుడు రాళ్ళ గుట్టలు, వాటి మధ్య ద్రాక్షతోటలు. సిటీకి వెళ్ళే బస్సు ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. మా ఆస్పత్రి గోడను ఆనుకునే మేస్త్రి గారి షెడ్డు ఉండేది. ఆయన బస్సు డిపోలో ఫోర్‌మన్‌గా చేసి, పైవాళ్ళతో పడక బయటికొచ్చి సొంతంగా పెట్టుకున్నారు. యాభై దాటిన మనిషి, ఖాకీ చొక్కా, చెవి వెనక ఎప్పుడూ ఒక పెన్సిలు ముక్క. మనసు మంచిదే గానీ మాట మాత్రం చింత బరికె.

ఒకసారి ఆయన వేలు తెగి మా దగ్గరికి వచ్చారు. రక్తం తుడిచి, ఇంజెక్షన్ ఇవ్వడానికి సూది తీశాను. "సూది మరిగిందా నర్సమ్మా?" అన్నారు. "మరిగే ఉంటుందండీ, ఆయా పొద్దున పెట్టింది" అన్నాను. ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నారు. "ఉంటదంటే ఏంది? మరిగిందా, లేదా?" నేను ఆయా కోసం అటూ ఇటూ చూశాను. "తెల్వకుంటే తెల్వదని చెప్పుండ్రి. అండ్ల సిగ్గేంది?" అని, వేలు గట్టిగా నొక్కిపట్టుకుని స్టూలు మీద కూర్చున్నారు. మళ్ళీ స్టవ్వు వెలిగించి సూదులన్నీ మరగబెట్టేదాకా కదల్లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. సర్టిఫికెట్ ఉన్న నర్సును, నాకు ఈయన పాఠాలేమిటని రెండు రోజులు ఆయన నమస్కారానికి బదులు కూడా ఇవ్వలేదు.

డాక్టర్ గారికి ఒక తెల్ల కారు ఉండేది. లింగంపల్లి అవతల పెద్ద ఫ్యాక్టరీలో పనిచేసిన విదేశీ ఇంజనీరు ఒకాయన తన దేశం వెళ్ళిపోతూ అమ్మేసింది. ఆవిడ షోకు కోసం కొన్నది కాదు. కాన్పు కష్టమైన ఆడవాళ్ళను సిటీకి చేర్చడానికి ఆ చుట్టుపక్కల అదొక్కటే బండి. అయితే అందరికీ తెలిసిన కార్బురేటర్ ఆ కారులో లేదు. పెట్రోలును గట్టి ఒత్తిడితో ఇంజనులోకి పిచికారీ కొట్టే యంత్రం ఉండేది. మన దుమ్ముకో, మన పెట్రోలుకో అది పాడైంది. విడిభాగాలు ఇక్కడ దొరకవు. మేస్త్రి గారు ఆ యంత్రం మొత్తం ఊడదీసి, పాత సామాన్ల బజారులో రెండు కార్బురేటర్లు వెతికి తెచ్చారు. వాటిని ఇంజనుకు కలిపే గొట్టాన్ని జీడిమెట్లలో తెలిసినాయన చేత పోత పోయించి బిగించారు. కారు మళ్ళీ రోడ్డెక్కిన రోజు డాక్టర్ గారు అందరికీ మిఠాయి పంచారు.

ఒక్కటి మాత్రం ఆయన మార్చలేదు. వెనక ట్యాంకు పక్కన ఉన్న పెట్రోలు పంపు. అది పాత యంత్రం కోసం చేసింది, దాని జోరు అలాంటిది. కార్బురేటర్‌కు అంత జోరు అక్కర్లేదు. దాంట్లో ఒక చిన్న గిన్నె, అది నిండగానే దారి మూసే ఒక ముల్లు ఉంటాయట. పంపు తోసే తోపుకు ఆ ముల్లు ఆగకపోతే గిన్నె పొంగి, పెట్రోలు వేడి ఇంజను మీద పడుతుంది. ఇదంతా ఆయనకు తెలుసు. కానీ ఆ రోజుల్లో ఫారిన్ సామాను అంటే ఏమిటో ఇప్పటివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. ఖాళీ ఫారిన్ బిస్కెట్ డబ్బాను కూడా పారేయకుండా దాచుకునే కాలం. నిక్షేపంలా పనిచేసే విదేశీ పంపును తీసి మూలన పడేయడానికి ఏ మేస్త్రికీ చేతులు రావు. దాని జోరు తగ్గించడానికి దారిలో సన్న రంధ్రం ఉన్న బిళ్ళ ఒకటి పెట్టి, ఎక్కువైన పెట్రోలు తిరిగి ట్యాంకులోకి పోయేలా ఒక గొట్టం కలిపి, ఆ పంపునే ఉంచారు. పొద్దున పూట బాగానే ఉండేది. ఎండ ముదిరితే వాసన మొదలయ్యేది. మళ్ళీ షెడ్డుకు తెచ్చుకుని ఇంకేదో సవరించేవారు.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం కొండాపూర్ వైపు నుంచి మల్లయ్య అనే రాళ్ళు కొట్టే అతను భార్య సాయమ్మను ఎడ్లబండిలో తెచ్చాడు. తొలి కాన్పు. బిడ్డ అడ్డం తిరిగింది. డాక్టర్ గారు బంధువుల పెళ్ళికి బొంబాయి వెళ్ళారు. అది నా ఒక్కదానివల్ల అయ్యే పని కాదు, సిటీకి తీసుకుపోవాల్సిందే. కారు షెడ్డులోనే ఉంది. ఇంజను ఆడుతున్న చప్పుడు గోడ ఇవతలికి వినిపిస్తోంది. పరుగెత్తాను.

"మేస్త్రి గారూ, కారు తీయండి, మీరే నడపండి" అన్నాను. ఆయన సంగతంతా విన్నారు. పొడి గుడ్డతో కార్బురేటర్ తుడిచారు. కాసేపు ఆగి మళ్ళీ తుడిచి, ఆ గుడ్డ నాకు చూపించారు. తడిసి ఉంది.

"ఇయ్య" అన్నారు.

"నడుస్తోంది కదండీ!"

"నడుస్తది. నడ్వదని ఎవరన్నరు? పెట్రోల్ పొంగుతున్నది. అంటుకుంటదో, అంటుకోదో నాకు తెల్వదు."

"ఆపుకుంటూ, తుడుచుకుంటూ వెళ్దామండీ. మీ కాళ్ళు పట్టుకుంటాను. లేదంటే ఆ పంపేదో మార్చండి!"

"మార్చేసరికి పొద్దుగూకుతది. గంత టైం లేదు మీకు. మంటొస్తే నేను దుంకుత, మీరు దుంకుతరు. ఎనక పండుకున్నామె దుంకుతదా నర్సమ్మా?"

ఈలోపు మల్లయ్య వచ్చి ఆయన కాళ్ళ మీద పడ్డాడు. "నీ కాల్మొక్త మేస్త్రీ, బండి తియ్యి. ఏమైనా గాని, నిన్నొక్క మాట అనను" అన్నాడు. మేస్త్రి గారు ఇంజను ఆపేసి, తాళం జేబులో వేసుకుని, బొంబాయి రోడ్డు మీదికి పరుగెత్తి నడిమధ్యలో నిలబడ్డారు. కంకర లారీ ఒకటి హారన్ కొడుతూ వచ్చి ఆయన మీదికెక్కేంత దగ్గరగా ఆగింది. డ్రైవర్ తిడుతుంటే ఆయన వినిపించుకోకుండా వెనక్కి వచ్చి, తెల్ల కారు వెనక సీటును మొత్తంగా ఊడదీసి, భుజాన వేసుకుని తెచ్చి కంకర మీద పరిచారు. సాయమ్మను దాని మీద పడుకోబెట్టాం. నేనూ మల్లయ్యా పక్కన ఎక్కాం. మేస్త్రి గారు కూడా ఎక్కి, ఎండ పడకుండా దారి పొడవునా ఒక తార్పాలిన్ ముక్కను రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నారు.

నిండు లారీ, దానికి తొందర తెలియదు. దారిలో రైలు గేటు పడింది. గూడ్సు బండి వెళ్తూనే ఉంది. సాయమ్మ మొదట అరిచింది, తర్వాత మూలిగింది, తర్వాత నా చెయ్యి మాత్రం పట్టుకుంది. సిటీలో పెద్దాస్పత్రికి చేరాక సాయమ్మ దక్కింది. బిడ్డ దక్కలేదు. మగపిల్లవాడు. "ఇంకాస్త ముందు తెస్తే బతికేవాడా?" అని అక్కడి డాక్టరమ్మను అడిగాను. "ఏమో, చెప్పలేం" అని చేతులు కడుక్కుని ఆవిడ మరో మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

మేస్త్రి గారు ఆ రాత్రే వెనక్కి వచ్చేశారు, నేను మర్నాడు తిరిగొచ్చి తిన్నగా షెడ్డుకే వెళ్ళాను. అప్పటికే ఆ ఫారిన్ పంపు ఊడి బల్ల మీద పడి ఉంది. దాని చోట మామూలు కారు పంపు బిగించారు. అంత చిన్న పని! నాకు కళ్ళు కమ్మేశాయి. "ఆ ఇనప ముక్క మీద ప్రేమతో బిడ్డను పొట్టన పెట్టుకున్నావు. నువ్వు మనిషివేనా?" అని కేకలేశాను. జీవితంలో అంత పెద్దవాళ్ళను నేను నువ్వు అని పిలిచింది అదొక్కసారే. ఆయన నిలబడి అంతా విన్నారు.

"పంపు ఎప్పుడో తీసెయ్యాల్సింది. మంచిగున్నదాన్ని పారెయ్య మనసు రాలే. గది నా తప్పే" అన్నారు. "కాని నిన్న బండి ఇయ్యకపోవుడు తప్పు కాదు నర్సమ్మా. రెండూ కలపకుండ్రి."

"ఇచ్చి ఉంటే కాలిపోయేదా మరి? చెప్పు!"

"తెల్వదు."

"తెలియదా!"

"తెల్వదు. గందుకే ఇయ్యలే."

ఆ మాట నాతో అని ఊరుకున్నా సరిపోయేది. మల్లయ్యకు పంపు సంగతి ఏం తెలుసు? ఎవరు చెప్పబోయారు? సాయమ్మకు పాలు గడ్డకట్టి జ్వరం వస్తే చూడడానికి కొండాపూర్ వెళ్ళాను. ఆ పొద్దున ఆయన అక్కడికి వచ్చారు. వాకిట్లో నిలబడి, పంపు ఎందుకు తీయలేదో, కారు ఎందుకు ఇవ్వలేదో దేనికది విడివిడిగా మల్లయ్యకు చెప్పారు. మల్లయ్య నోటికొచ్చినట్టు తిట్టాడు. చివరికి గొంతు పోయి, "బండి ఇచ్చుంటే నా కొడుకు బతికేటోడా?" అన్నాడు.

"తెల్వదు బిడ్డా" అన్నారు మేస్త్రి గారు.

అని వెళ్ళిపోలేదు. గుడిసె ముందు ఒక రాయి మీద కూర్చున్నారు. ఎండ నడినెత్తికి వచ్చింది. మల్లయ్య లోపలికీ బయటికీ తిరుగుతూ, ఇంకా ఎందుకున్నావన్నట్టు చూశాడు. ఆయన తల దించుకుని కూర్చునే ఉన్నారు. నీడ అటు నుంచి ఇటు తిరిగింది. చివరికి లోపల నుంచి సాయమ్మ సన్నటి గొంతుతో, "ఆయనకు జర నీళ్ళియ్యి" అంది. మల్లయ్య చెంబుతో ఇచ్చాడు. ఆయన తాగి, చావింట్లో పోయొస్తానని చెప్పకూడదు కాబట్టి మాట్లాడకుండానే లేచి వెళ్ళిపోయారు. నాకు ఆయన మీద ఉన్న కోపం అక్కడే కరిగిపోయిందని చెప్పను. పోవడానికి చాలా కాలం పట్టింది. కానీ ఆ మనిషి నుంచి చూపు తిప్పుకోలేకపోయాను.

ఊళ్ళో కొందరు ఆయన్ని పిరికివాడన్నారు. కొన్నాళ్ళు షెడ్డుకు బండ్లు రావడం తగ్గింది. కారు కాలిపోయి ఉంటే ఆయన మాట నిజమని అందరూ ఒప్పుకునేవారు. కాలిపోని కారును చూపించి 'నేను చేసింది సబబే' అని ఎవరు మాత్రం ఎలా చెప్పుకుంటారు? ఆయన చెప్పుకోలేదు. ఆ తెల్ల కారు మాత్రం ఆ తర్వాత ఎంతోమందిని సిటీకి చేర్చింది. ఎవరిని ఎక్కించేముందైనా ఆయన కార్బురేటర్‌ను పొడి గుడ్డతో తుడిచి, ఆగి, మళ్ళీ తుడిచి చూసేవారు.

సాయమ్మ మళ్ళీ నెలలు నిండి నొప్పులు పడుతున్నప్పుడు మల్లయ్య ముందు మా ఆస్పత్రికి రాలేదు, షెడ్డుకు వెళ్ళాడు. గోడ పక్క నుంచి విన్నాను. "బండి మంచిగున్నదా?" అన్నాడు. బానెట్ ఎత్తిన చప్పుడైంది. తుడుస్తున్నారని నాకు తెలుసు. "ఉన్నది" అన్నారు మేస్త్రి గారు. డాక్టర్ గారు, "భయం లేదు కదా మల్లయ్యా?" అని అడిగితే, "గీయన ఉన్నదంటే ఉన్నట్టే అమ్మా" అని సాయమ్మను ఎత్తుకెళ్ళి వెనక సీటులో పడుకోబెట్టాడు. ఆ సాయంత్రం సిటీలో ఆడపిల్ల పుట్టింది. మేస్త్రి గారు ఆస్పత్రి ఆవరణలో కారుకు ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నేనూ ఏడ్చాను.

తర్వాత నేను సర్కారు ఆస్పత్రిలో చేరి రిటైరయ్యేదాకా ప్రసూతి వార్డుల్లోనే పనిచేశాను. వరండాలో నిలబడి ఎందరో తండ్రులు అడిగారు, ఇంకాస్త ముందు తెస్తే బిడ్డ బతికేదా సిస్టర్ అని. ఎప్పుడొచ్చినా ఇంతేనయ్యా, దేవుడి రాత అని తోటివాళ్ళు ఓదార్చేవారు. వాళ్ళను తప్పు పట్టను. నాకు మాత్రం ఆ మాట నోట రాలేదు. తెలియదు నాయనా అనేదాన్ని. అని, అతని పక్కన బల్ల మీద కూర్చునేదాన్ని. డ్యూటీ దిగే వేళ దాటిపోయేది, ఇంటికి వెళ్ళే బస్సు వెళ్ళిపోయేది. అతను లేచేదాకా నేను లేచేదాన్ని కాదు.