ముందు స్టాండులో ఎర్ర మూత

ఈ ఉదయం ట్యూబు మూత తీయగానే అమ్మోనియా ఘాటు ముక్కుకు తగిలింది. యంత్రంలో తయారైన డీఎన్ఏను చివర్లో అమ్మోనియాలో నానబెడతాం కనుక ఈ వాసన నాకు కొత్తేమీ కాదు. అయినా అది తగిలినప్పుడల్లా సులోచన గారు పక్కన వచ్చి నిలబడ్డట్టే ఉంటుంది. "రాయపురం ఐసు ఫ్యాక్టరీ పక్కన పెరిగినా పాపా, నాకిదొక వాసనా" అనేవారు.

తొంభైల నడుమ మద్రాసులోని ఒక పరిశోధన సంస్థలో ఆవిడ చిన్న విభాగం నడిపేవారు. డీఎన్ఏ ముక్క కావాలన్నా, దాన్ని కణాల్లోకి మోసుకెళ్లే వైరసు కావాలన్నా మాబోటి వాళ్లం ఆవిడ గుమ్మం తొక్కాల్సిందే. వాళ్ల నాయనది జార్జి టౌన్‌లో మిరపకాయల హోల్‌సేలు కొట్టు. నెల్లూరు నుంచి పీహెచ్‌డీకి వచ్చిన నేను మొదటిసారి వెళ్లినప్పుడు, నాకేం కావాలో అడక్కముందే బల్ల మీది స్టాండు చూపించారు. అందులో ఎర్ర మూత ట్యూబు ఒక్కటే ఉంది.

"ఏమిటి మేడం ఇది?"

"పోయిన వారం నేను చెడగొట్టిన డీఎన్ఏ. మందు సీసాలోకి చెమ్మ పోయింది. మిరపకాయకైనా దీనికైనా చెమ్మే కదా శత్రువు. ముందు దాన్ని చూడు, ఆ తర్వాత నీ పని నాకు ఇయ్యాలో వద్దో చెప్పు."

వాళ్ల నాయన తడిసిన బస్తాను వెనక దాచేవాడు కాదట, మూతి విప్పి కొట్టు ముందే పెట్టేవాడట. ఇలాగైతే వ్యాపారం సాగినట్టే అని లోలోపల నవ్వుకున్నాను. పని మాత్రం ఆవిడకే అప్పగించి వచ్చాను.

ఆ నవ్వు ఎక్కువకాలం నిలవలేదు. మరుసటి ఏడు నా ఫెలోషిప్ పొడిగించాలంటే కమిటీకి ఫలితం చూపించాలి. లేదంటే చదువు సగంలో ఆపి ఇంటిదారి పట్టడమే. ఆ ఫలితానికి ఆవిడ పెంచుతున్న వైరసే ఆధారం. సమీక్షకు వారం ఉందనగా తెచ్చుకుందామని వెళ్తే, స్టాండులో ఎర్ర మూత కింద నా పేరు కనిపించింది.

"కణాల మీద వేసి చూసినా, ఏం చెయ్యలా. వైరసుకు బలం లేదు. నీ డీఎన్ఏ బాగానే ఉంది, నా పెంపకమే చెడింది. ఇది ఇయ్యను."

"ఉన్నదే ఇవ్వండి మేడం. ఏదో ఒకటి చూపించకపోతే నన్ను పంపించేస్తారు."

"దీన్ని నమ్ముకుంటే తర్వాత ఇంకా నష్టపోతావు. ఆ కమిటీ కాడికి నేనూ వస్తా. నా సరుకు సంగతి నేనే చెప్తా."

నాకు ఒళ్లు మండిపోయింది. అన్నట్టే వచ్చారు, గంజి పెట్టిన నూలు చీరలో, ట్యూబు చేత పట్టుకుని. దాన్ని కమిటీ పెద్దాయన ముందు పెట్టి, ఎక్కడ చెడిందో, మళ్లీ ఎలా పెంచుతారో తడబడకుండా వివరించారు. ఆలస్యం తనదే తప్ప అమ్మాయిది కాదన్నారు. బతిమాలలేదు, తల దించుకోలేదు. పెద్దాయన ట్యూబును అటూ ఇటూ తిప్పి చూసి నాకు గడువు ఇచ్చారు. రెండోసారి వైరసు బలంగా వచ్చింది, నా థీసిస్ దాని మీదే నిలబడింది. తప్పును అంత ధీమాగా చెప్పవచ్చని అంతకుముందు నేనెరగను.

ఇప్పుడు అలాంటి విభాగమే నేనూ నడుపుతున్నాను. ఈ ఉదయం తీసిన ముక్కను పరీక్షిస్తే సగంలోనే తెగి ఉంది. మళ్లీ చెమ్మే. దాని కోసం వేలూరులో బస్సెక్కిన అమ్మాయి మధ్యాహ్నానికి వస్తుంది, ఆమెకూ వచ్చే వారమే సమీక్ష. ట్యూబుకు ఎర్ర మూత బిగించి, ఆమె పేరు గుమ్మం వైపు తిరిగేలా ముందు స్టాండులో పెట్టాను. ఆమెకు నా మీద ఒళ్లు మండుతుంది, మండనీ. వాళ్ల కమిటీ ఏ గదిలో కూర్చుంటుందో ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కున్నాను.