సరోజ గారి కాలికి అందిన కారు

1982, ఆకులు రాలే కాలం. షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో ఒక చిన్న గరాజ్‌లో మెకానిక్‌గా పనిచేస్తున్నాను. బెజవాడలో ఎనిమిదో తరగతి మధ్యలోనే చదువుకి సెలవు చెప్పి కార్ల షెడ్డులో చేరాను. చదువు కూడా పెద్దగా బాధపడలేదు. అక్క ధర్మమా అని అమెరికా వచ్చాక కూడా చేతికి అదే గ్రీజు. మనవాళ్ళెవరైనా పాత కారు కొనాలంటే శనివారం పూట నన్ను వెంటబెట్టుకెళ్ళేవారు, పెళ్ళిచూపులకి మేనమామని తీసుకెళ్ళినట్టు. మేనమామ టిఫిన్ తినేసి బాగుందంటాడు. నేను కారు కిందకి దూరి మరీ చెబుతాను, అంతే తేడా.

ఒక వారం మూర్తి గారు ఫోన్ చేశారు. ఆయన సివిల్ ఇంజనీరు, ఆరడుగుల మనిషి. వేసవిలో కంపెనీ ఆయన్ని లే ఆఫ్ చేసింది. ఉన్న చిన్న కారు కూడా సరిగ్గా అప్పుడే ప్రాణం విడిచింది.

"రాంబాబూ, మా ఆవిడకి హాస్పిటల్ ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చిందయ్యా. సోమవారం జాయినింగ్. ఈవెనింగ్ షిఫ్ట్. అటు బస్సు లేదు."

"అయితే కారు అర్జెంటు."

"అర్జెంటే. ఈ ఉద్యోగం పోతే ఇల్లు గడవదు. ఉన్న డబ్బుతో ఒక్కటే కొనగలను. అది చెడిపోతే ఇంకోటి కొనే శక్తి లేదు."

"కంగారు పడకండి. ఇంజిన్ నాతో అబద్ధం చెప్పదు. అమ్మేవాడి సంగతి వేరు."

శనివారం పొద్దున్నే మూర్తి గారు, ఆయన భార్య సరోజ గారు, నేను నా కార్లో బయల్దేరాం. ఆయన పేపర్లో చూసి ముచ్చటపడ్డ కారు ఒక ముసలాయన ఇంటి గరాజ్‌లో ఉంది. తెల్లటి నాలుగు తలుపుల సెడాన్. ఎనిమిది సిలిండర్లు. నిలబెడితే వీధికి సగం అడ్డం. పెట్రోలు ధర పెరిగాక అలాంటి ఏనుగుల్ని మేపేవాళ్ళు తగ్గిపోయారు కాబట్టే అంత చవక.

నా పని మొదలుపెట్టాను. ముందు బానెట్ మీద చెయ్యి వేశాను. వేడిగా ఉంటే, మనం రాకముందే ఇంజిన్ వేడి చేసి జబ్బు దాచారని అర్థం. చల్లగా ఉంది. చలికాలం ఇక్కడి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, దాంతో కార్ల అడుగు తుప్పు పట్టిపోతుంది. ఆ కన్నాలకి పుట్టీ పూసి రంగేసి అమ్మేస్తారు. అందుకే నా జేబులో ఒక అయస్కాంతం ఉంటుంది. పుట్టీ మీద అది అంటుకోదు. ఈ కారుకి ఎక్కడ పెట్టినా టక్కున అతుక్కుంది. గేర్లకి పోసే ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ఉండాల్సినట్టే ఎర్రగా, మాడు వాసన లేకుండా ఉంది. మైళ్ళు కూడా చాలా తక్కువ.

"ఎలా ఉంది?" అన్నారు మూర్తి గారు.

"నాకు డబ్బుంటే మీకు చెప్పేవాణ్ణి కాదు, నేనే కొనేసేవాణ్ణి."

ఆయన ఒంటి చేత్తో స్టీరింగ్ తిప్పుతూ వీధంతా ఊరేగించారు. దిగేసరికి ముఖంలో పాత ఉద్యోగం కళ వచ్చేసింది. జేబులోంచి చెక్‌బుక్ తీస్తుంటే నాకో అనుమానం వచ్చింది.

"మూర్తి గారూ, సోమవారం దీన్ని నడిపేదెవరు?"

"సరోజే. లైసెన్స్ ఉందిగా."

"మరి ఆవిణ్ణి కూర్చోబెట్టరే?"

"కారు చూశాం కదయ్యా, మళ్ళీ కూర్చోవడమెందుకు?"

సరోజ గారు వెళ్ళి డ్రైవర్ సీట్లో కూర్చున్నారు. ఆవిడ నా భుజం దాకా కూడా రారు. బయటినుంచి చూస్తే స్టీరింగ్ పైన రెండు కళ్ళూ, ఒక బొట్టూ కనిపించాయి.

"ఏవండీ, బానెట్ తప్ప రోడ్డు కనపడట్లేదు."

"దిండు వేసుకో."

"దిండు వేసుకుంటే బ్రేక్ అందదు."

"అయితే సీటు ముందుకి జరుపుకో," అంటూ ఆయనా పక్కన ఎక్కి కూర్చున్నారు.

అది బెంచ్ సీటు. అంటే ముందున్న ఇద్దరికీ కలిపి ఒకటే సోఫా. జరిపితే మొత్తం జరుగుతుంది. పక్కనే కూర్చున్న మూర్తి గారి మోకాళ్ళు డాష్‌బోర్డుకి తగిలి, గడ్డం దాకా లేచాయి. మడిచిన పడకకుర్చీలా అయిపోయారు పాపం. నేను నవ్వాపుకోవడానికి టైర్లు చూస్తున్నట్టు నటించాను.

"రోజూ నేనే దింపి తీసుకొస్తాలే," అన్నారాయన ఆ ముడుచుకున్న భంగిమలోంచే.

"షిఫ్ట్ దిగేది రాత్రి పదకొండింటికి. పిల్లల్ని ఎవరికి అప్పజెప్పి వస్తారు? జనవరి మంచులో రోజూ వాళ్ళని నిద్రలేపి వెనక సీట్లో పడేసుకొస్తారా?" అన్నారు సరోజ గారు.

ఆయన తలుపు తీసి, మోకాళ్ళు పట్టుకుని దిగారు.

మా గొడవ భాష అర్థం కాకపోయినా ముసలాయనకి విషయం అర్థమైంది. "నా భార్య దీన్ని ఒక్కసారే నడిపింది," అన్నాడు. "తర్వాత పచారీ కొట్టుకి కూడా నన్నే తీసుకెళ్ళమనేది. బద్ధకం అనుకున్నాను." బానెట్ నిమిరి, "ఇంత తక్కువ మైళ్ళు తిరిగింది అందుకే," అన్నాడు.

మూర్తి గారు సరోజ గారి వైపు చూశారు. చెక్‌బుక్ మళ్ళీ జేబులోకి వెళ్ళింది.

మధ్యాహ్నం ఇంకో కారు చూశాం. ఒక టీచరమ్మది. నాలుగు సిలిండర్లు, నాలుగు తలుపులు, ముందు రెండు సీట్లూ విడివిడి. అయస్కాంతం ముందు చక్రం మీది ఒక ఫెండర్ రేకు మీద నిలవలేదు. అక్కడ పుట్టీ ఉందని ఆవిడే ముందుగా చెప్పింది. అడుగు మాత్రం గట్టిగా ఉంది, హీటర్ పొయ్యిలా పనిచేస్తోంది.

"ఇదేం రంగయ్యా?" అన్నారు మూర్తి గారు దిగాలుగా.

"మూడో రోజు పప్పుచారు రంగు. దొంగలు కూడా ముట్టుకోరు, మీకదొక లాభం."

ఈసారి బానెట్ ఎత్తకముందే సరోజ గారు కూర్చున్నారు. సీటు ముందుకి లాక్కుని, అద్దం సర్దుకుని, బ్రేక్ రెండుసార్లు గట్టిగా తొక్కి చూసుకున్నారు. తర్వాత మా ఇద్దర్నీ ఎక్కించుకుని హైవే మీదకి తీసుకెళ్ళారు. పక్క సీట్లో మూర్తి గారి కుడికాలు మలుపు వచ్చినప్పుడల్లా కిందకి నొక్కుతోంది.

"మీ వైపు బ్రేక్ లేదండీ," అన్నారావిడ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "కాలు నొప్పెడుతుంది, తీసెయ్యండి."

తీసేశారు. ఆ కారే కొన్నారు. సోమవారం ఆవిడ టైముకే డ్యూటీలో చేరారు. ఆ చలికాలమంతా రాత్రిళ్ళు ఒక్కరే నడుపుకుంటూ ఇంటికి వచ్చారు.

నా పద్ధతి మాత్రం ఆ రోజుతో మారిపోయింది. ఇప్పుడు కారు చూడమని ఎవరు పిలిచినా, నడిపే మనిషి వచ్చి సీట్లో కూర్చునేదాకా బానెట్ ఎత్తను. "ఆవిడెందుకయ్యా, ఇంట్లో పనుంది," అని విసుక్కునే మగవాళ్ళున్నారు. విసుక్కోనిస్తాను. ఇంజిన్ బాగాలేకపోతే నేను బాగుచేస్తాను. కాలికందని బ్రేక్‌ని దగ్గరికి తెచ్చే స్పానర్ మాత్రం నా పెట్టెలో లేదు.