పద్దెనిమిది ఫ్రేముల బంతి

ఫిల్మ్‌నగర్‌లో నేను అసిస్టెంట్ ఎడిటర్‌గా ఉన్న రోజుల్లో టీ వేళకు మాకు ఒకటే గొడవ: పాత ఫాస్ట్ బౌలర్లు నిజంగా అంత ఫాస్టా? అప్పటికింకా టీవీ తెర మీద బంతి వేగం అంకెలు వేసేవారు కాదు. అందుకని ఎవరి నోరు పెద్దదైతే వాడి బౌలరే ఫాస్ట్. నా నోరు చిన్నదేమీ కాదు. పాతవాళ్ళవన్నీ ఉత్త కబుర్లని నేను, కానే కాదని రీలు డబ్బాలు మోసే మా వ్యాన్ డ్రైవరు.

ఆయనకు యాభై దాటాయి. మోతీనగర్‌లో మా ఇద్దరిదీ ఒకటే గల్లీ. రోజూ ఆయన వ్యాన్‌లోనే ఇల్లు చేరేవాణ్ణి. ఆయన ఎడమ కంటి కింద చిన్న గుంట. వయసులో ఉన్నప్పుడు లీగ్ మ్యాచులాడేవాడు. ఒక ఫాస్ట్ బౌలర్ బంతి తగిలి చెంప ఎముక విరిగింది, ఆట అక్కడితో సరి. "ఆయన బాల్ కనవడేటిదే కాదు సార్. చప్పుడే వినవడేది" అనేవాడు. నేను నవ్వేవాణ్ణి.

ఒక సినిమాలో క్రికెట్ సీను కోసం పాత మ్యాచుల రీళ్ళు తెప్పించారు. ఎడిటింగ్ మెషిన్ మూవియోలా మీద తిప్పి చూస్తుంటే డ్రైవరు నా వెనకే ఆగిపోయాడు.

"గీయనే సార్. నా చెంప పగలగొట్టింది గీయనే."

ఇంకేం, నాకు పండగే. సినిమాకు సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేములు. పిచ్ పొడవు అందరికీ తెలిసిందే. బంతి చేయి వదిలిన చోట మైనపు పెన్సిల్‌తో గీత పెట్టి, బ్యాటు దాకా ఒక్కొక్క బొమ్మే లెక్కపెట్టాను. పద్దెనిమిది. అంటే ముప్పావు సెకను. కాగితం మీద వేగం లెక్కగట్టి, టీ తాగుతున్న వాళ్ళందరినీ పిలిచి మరీ చదివాను.

"ఈయన స్పిన్నర్ అండీ బాబూ" అన్నాను. అందరూ నవ్వారు. డ్రైవరు గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమూ ఆయన వ్యాన్‌లోనే ఇంటికి బయల్దేరాను. ఎర్రగడ్డ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చెప్పాడు.

"దెబ్బ తాకినప్పుడు మా పెండ్లయి ఆర్నెల్లు సార్. వాచిన మొకం చూసి మా ఆమె నా చెయ్యి తన నెత్తి మీద పెట్టుకొని ఒట్టేయించుకుంది, మళ్ల బ్యాట్ పట్టొద్దని. అప్పుడే పెద్ద టీముకు పిలిచిండ్రు. పోలే. గంత స్పీడు బాల్‌కు ఎవరన్నా భయపడతరని ఆమెకు ఇన్నేండ్ల సంది చెప్పుకుంట వస్తున్న. స్పిన్నర్ బాల్ అని తెలిస్తే, ఉత్తగనే నా ఆట మాన్పిచ్చిన అని కుములుతది. జర ఆమెకు చెప్పకుండ్రి."

నాకు సిగ్గేసింది. కానీ లెక్క లెక్కే కదా, ఏం చేయను?

పది రోజుల తర్వాత ఆ షాటుకు చప్పట్ల శబ్దం కలుపుతున్నాను. ఎంత జరిపినా కుదరదే. జనం చేతులు శబ్దం కంటే వెనకబడుతున్నాయి. విసుగొచ్చి మా ఎడిటర్‌గారిని పిలిచాను. ఆయన ఒక్కసారి చూశారు.

"ఇది హై స్పీడ్‌లో తీశారయ్యా. మామూలుగా తీస్తే బంతి కనబడుతుందా? డబ్బా మీద కాగితం చూడలేదా?"

చూశాను. సెకనుకు ముప్పై ఆరు ఫ్రేములని రాసే ఉంది. అంటే పద్దెనిమిది ఫ్రేములకు అర సెకను. టీవీలో నేను నెత్తిన పెట్టుకునే బౌలర్లకు ఆ బంతి ఏమాత్రం తీసిపోదు. ఆ కాగితం మొదటిరోజే చదవాల్సింది. గెలవాలన్న యావలో చదవలేదు.

టీ దగ్గర అందరి ముందూ తప్పు ఒప్పుకున్నాను. డ్రైవరు గర్వపడతాడనుకున్నాను. ఆయన నన్ను పక్కకు పిలిచాడు.

"ఈ మాట మా ఇంట్ల చెప్తరా సార్? స్పిన్నర్ బాల్ అని ఎవరో చెప్పిండ్రు, ఆమెకు తెలిసిపోయింది. నాలుగు దినాల సంది సరిగ తింటలేదు."

ఆ సాయంత్రమే వెళ్ళాను. ఆమె వాకిట్లో కూర్చుని మెంతికూర తెంపుతోంది. ఫ్రేములూ సెకన్లూ వేళ్ళ మీద లెక్కగట్టి చెప్పాను. తప్పు నాదేనన్నాను. ఆమె అంతా విన్నది.

"నాకు గా లెక్కలు తెల్వయి బాబూ. ఒట్టు పెట్టింది నేను. ఆట ఎందుకు మానినవని ఎవరడిగినా ఈయన బాల్ పేరు చెప్పిండు గానీ, ఒక్కనాడు నా పేరు చెప్పలే."

మెంతికూర అలాగే ఒళ్ళో ఉంది. కొంగుతో కళ్ళు ఒత్తుకుని ఆమె నన్ను కాక, గుమ్మంలో నిలబడ్డ ఆయన్ని అడిగింది.

"అయితే మస్తు స్పీడేనా?"

"మస్తు స్పీడు" అన్నాడు డ్రైవరు.