వరుసలో మొదటి చెరువు

వేసవిలో కాలువలు కట్టేసే ముందు మంచినీళ్ల చెరువులు నింపుకోవడం మా డెల్టాలో ఏటా జరిగేదే. మళ్లీ కాలువకు నీళ్లు వదిలేదాకా ఊళ్లు వాటి మీదే బతకాలి. ఈసారి ఏ చెరువు ముందు నింపాలో వరుస తయారుచేసే పని, తెనాలిలో నేను కాంట్రాక్టు మీద చేరిన ఇంజనీరింగ్ ఆఫీసులో నాకు అప్పగించారు.

మా సారు జనాభా ప్రకారం వెయ్యమన్నారు. నేను ఒప్పుకోలేదు. బోర్లలో ఉప్పునీళ్లు పడే ఊళ్లు ముందు రావాలి. కాలువ చివర ఉన్నవి, ఎగువ వాటికంటే ముందు రావాలి. చెరువులో ఇప్పటికి ఎంత నీరుందో అది కూడా లెక్కకు రావాలి. బాపట్ల వైపూ రేపల్లె వైపూ బండి మీద తిరిగి, ప్రతి గట్టూ దిగి నీటిమట్టం కొలిచాను. నా పోరు పడలేక సారు సంతకం పెట్టారు.

మొదటి స్థానం, రేపల్లె దాటి నిజాంపట్నం వెళ్లే దారిలో ఉన్న మా పిన్ని వాళ్ల ఊరి చెరువుకు వచ్చింది. చుట్టరికంతో కాదు. అక్కడ ఏ బోరు నీళ్లూ నోట్లో పెట్టుకోలేం, కాలువకు ఆఖరి తూము వాళ్లదే. చెరువు మాత్రం సగం నిండుగా ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చిలో కూడా ఈ సంగతి చదివారని, ఊరంతా సంబరపడుతోందని పిన్ని ఫోన్ చేసి చెప్పింది.

నీళ్లు వదిలారు. కాగితం మీద చివరి ఊరు ముందుంది గానీ, నీళ్లు ఎగువ నుంచే కదా రావాలి. తెనాలి దాటకముందే గట్ల పొడవునా మొక్కజొన్న రైతుల ఇంజన్లు మొదలయ్యాయి. వాటిని ఆపించమని సారును అడిగితే అది మన పని కాదన్నారు. నేనే వెళ్లి ఒక పెద్దాయన్ను బతిమాలాను. ఆయన ఇంజన్ ఆపకుండానే నాకు మజ్జిగ ఇచ్చాడు.

"కండెలు గింజ పోసుకునే టైము బాబూ. ఈ ఒక్క తడి పెడితే అయిపోద్ది. మిగిలినయ్యి కిందికే పోతాయిగా."

గట్టు మీద ప్రతివాడిదీ ఆ ఒక్క తడే. కాలువ కట్టేసే రోజు దగ్గరపడేసరికి రేపల్లె దిగువన చెప్పులు తడవకుండా దాటేంత నీరుంది. కనీసం పాత నీళ్లున్నాయి కదా, పొదుపుగా వాడుకుంటే గట్టెక్కుతారు అనుకుని పిన్నికి ఫోన్ చేశాను.

"పాత నీళ్లెక్కడున్నాయిరా? చెరువు తోడేశారుగా," అంది.

నమ్మలేక వెళ్లాను. చెరువు నడుమ బురద, అందులో కొంగలు. ఏటా చెరువులో చేపలు వేలంపాటలో పాడుకునే ఆయన సగం నీళ్లలోనే వలలు లాగిస్తాడు. ఈసారి మాత్రం మోటార్లు పెట్టి మొత్తం మురుగు కాలువలోకి తోడించాడు. గట్టు మీద నన్ను చూసి ఆయనే ముందు పలకరించాడు.

"మీరేగా బాబూ మాదే ఫస్టన్నది. కొత్తనీళ్లు ముందు మాకే వచ్చేటప్పుడు పాత నీళ్లెందుకని తోడేశాం. పనిలోపని పూడిక కూడా తీయొచ్చని ప్రెసిడెంటుగారే సరేనన్నారు."

నా పట్టికలో ఉప్పుకు ఒక గడి పెట్టాను, దూరానికి ఒకటి, మట్టానికి ఒకటి. ఉన్న నీళ్లు పారబోసుకోవద్దని ఎక్కడా రాయలేదు. అది కూడా రాయాలా? ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఏ ఇరవయ్యో స్థానంలోనో ఉండుంటే ఆ చెరువులో చుక్క కూడా కదిలేది కాదు.

గట్టు మీద నుంచే సారుకు ఫోన్ చేసి, కాలువ కట్టేయడం ఇంకొన్నాళ్లు ఆపగలరా అని అడిగాను. కట్టే రోజు అందరికీ ఒకటేనన్నారు. "ఖాళీ చేసుకున్నది వాళ్లు. నీ వరుసలో తప్పేం లేదుగా," అన్నారు. నన్ను ఓదార్చడానికే అన్నారు.

సందు చివర ట్యాంకరు కోసం ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. పిన్ని రెండు బిందెలతో మధ్యలో ఉంది. నేను పక్కకు వెళ్తే నావైపు తిరగకుండానే మాట్లాడింది.

"వచ్చే ఏడు మా ఊరిని ఆఖర్న రాయరా. రావని తెలిస్తే ఉన్నయ్యన్నా దాచుకుంటాం."

అలా రాస్తే లెక్క తప్పవుతుందని, ఆఖర్న ఉండాల్సిన ఊరు అది కాదని చెప్పబోయాను. ఈలోగా ట్యాంకరు వచ్చింది. ముందున్నవాళ్లు జరిగారు. నేను ఒక బిందె అందుకున్నాను.