అడ్జస్ట్ అవుతాం, కాంప్రమైజ్ అవ్వం

విజయవాడలో ఒక కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి. దగ్గర దగ్గరగా ఉండే రెండు మాటలు వినబడితే వాటి తేడా చెప్పకుండా ఉండలేని జబ్బు నాది. మా అమ్మాయి సంబంధం దగ్గర ఆ జబ్బు ముదిరింది.

మాది చర్చికి వెళ్లే కుటుంబం. అమ్మాయి తన ఆఫీసులోనే పనిచేసే కంకిపాడు అబ్బాయిని చేసుకుంటానంది. వాళ్లు హిందువులు, వ్యవసాయం ఉన్నవాళ్లు. పిల్లలిద్దరూ ఎప్పుడో తేల్చుకున్నారు. తేలాల్సింది పెళ్లి చర్చిలోనా, మండపంలోనా అన్నదే. ఒక ఆదివారం, మేం ఆరాధన నుంచి వచ్చాక, అబ్బాయి తల్లిదండ్రులు మాట్లాడటానికి మా ఇంటికి వచ్చారు.

కాఫీ తాగుతూ ఆ తండ్రి మర్యాదగానే మొదలుపెట్టారు. "మేం ఎంతైనా అడ్జస్ట్ అవుతాం మాస్టారూ. కాంప్రమైజ్ మాత్రం అవ్వం."

నేను ఆగలేకపోయాను. బస్సులో ముగ్గురి సీట్లో నాలుగో మనిషికి చోటివ్వడం అడ్జస్ట్ అవడమన్నాను. కాంప్రమైజ్ అంటే ఇద్దరూ చెరికాస్త వదులుకుని ఒక ఒప్పందానికి రావడమనీ, ఇంగ్లీషువాళ్లకు అందులో పరువుతక్కువేమీ లేదనీ, మనమే దాన్ని ఓటమి కింద జమకట్టామనీ వివరించాను. ఆయన ఓపిగ్గా అంతా విన్నారు.

"కరెక్టేనండీ. అందుకే అవ్వమంటున్నాం."

మళ్లీ మొదటినుంచి చెప్పబోతుంటే వంటింట్లోంచి మా ఆవిడా, వాళ్లావిడా వచ్చారు. ఒకేరోజు పొద్దున ఇక్కడ చర్చిలో, సాయంత్రం కంకిపాడు మండపంలో చేసేద్దామని వాళ్లిద్దరూ అప్పటికే అనుకున్నారట. మధ్యాహ్నం బిర్యానీ మాది, రాత్రి పప్పన్నం వాళ్లది. ఇది ఏ మాట కిందికొస్తుందో వాళ్లు అడగలేదు. నన్ను చెప్పనివ్వనూ లేదు.

తాము కాస్త అడ్జస్ట్ అయ్యామనీ, మాస్టారే కాంప్రమైజ్ అయ్యారనీ ఆయన తమవాళ్లతో చెప్పుకున్నట్టు తర్వాత తెలిసింది. తప్పుపట్టడానికి లేదు. మా చుట్టాల దగ్గర నేనూ అదే వాక్యం, మనుషుల్ని మాత్రం తారుమారు చేసి, చెప్పుకొచ్చాను.

పెళ్లిరోజు, చర్చి గడప తొక్కనన్న అబ్బాయి పెదనాన్నగారు ముందు వరసలో కూర్చున్నారు. ప్రసంగం బాగుంది గానీ పొడుగైందన్నారు. మేం ప్రతి ఆదివారం అనుకునేదే అది. మండపానికి రానే రానన్న మా అక్క, అక్షింతలు చేతిలో పట్టుకుని కాసేపు మొహమాటపడి, తర్వాత అందరికన్నా ఎక్కువ వేసింది.

పొద్దున అమ్మాయిని నడిపించుకెళ్లి అబ్బాయి చేతిలో చెయ్యి పెట్టినప్పుడు నేను నిబ్బరంగానే ఉన్నాను. మండపంలో అప్పగింతలప్పుడు అదే చెయ్యి మళ్లీ అప్పగించమన్నారు. పొద్దునే ఇచ్చేశాను కదండీ అని నవ్వుతూ అనబోయాను. మాట బయటికి రాలేదు. వియ్యంకుడుగారు వచ్చి నా భుజం మీద చెయ్యివేసి పక్కన నిలబడ్డారు.